జావలో పిండి ఎంత?

శ్రోతలకు నమస్కారం.

అరవై దాటిన ఇల్లాలు, ఎప్పుడూ సరిగ్గా నిలిచే చీర కుచ్చిళ్ళు ఈమధ్య నేలను తాకుతున్నాయని విసుక్కుంటే, కట్టు కుదరలేదేమోనని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి తగ్గింది ఆమె ఎత్తు కావచ్చు. గుల్లబారిన వెన్నుపూసలు ఏ దెబ్బా తగలకుండానే అణగిపోతే మనిషి పొట్టిబడతారు, నడుం ముందుకు వంగుతుంది. ఇందులో నొప్పి తెలియకపోవచ్చు కూడా. అందుకే స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగేదాకా ఈ సంగతి చాలా ఇళ్ళలో బయటపడదు.

ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను తగ్గడం వల్ల స్త్రీలలో ఎముక అరుగుదల వేగం పుంజుకుంటుంది. మగవారిలో అది నిదానంగా సాగుతుంది. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం చాలునని, ముట్లు ఆగిన స్త్రీలకూ వృద్ధులకూ మాత్రం 1200 కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు: పళ్ళు కదిలి, జీర్ణశక్తి తగ్గి, రాత్రికి ఇంత మజ్జిగన్నం చాలుననే వయసు కూడా సరిగ్గా అదే.

“రోజూ రాగి జావ తాగుతున్నానండీ” అని ధీమాగా చెప్పేవారిని, గ్లాసులో పిండి ఎంత వేస్తున్నారని అడగాలి. తైదలన్నా చోళ్ళన్నా రాగులే. నూరు గ్రాముల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. అయితే జావలో పడేది రెండు చెంచాల పిండి, అంటే ఇరవై గ్రాములనుకుంటే దక్కేది డెబ్బై. రాయలసీమ సంకటి ముద్ద లెక్క వేరు. గరిటెడు పెరుగులో చెంబెడు నీళ్ళు పోసిన మజ్జిగ కూడా జావ లాంటిదే. దానికి బదులు కప్పుడు గట్టి పెరుగు తింటే 200 మిల్లీగ్రాములకు పైనే అందుతుంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో కాల్షియం పుష్కలం, కానీ నమలని నువ్వు అరగదు కనుక వేయించి పొడి కొట్టుకుని అన్నంలో కలుపుకోవాలి. ఏరి పారేసే కరివేపాకునూ అలాగే పొడి చేసుకోవచ్చు. పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ మానేస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే కాలు తడబడుతుంది.

తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి. లేత ఎండ మంచిదని అందరూ అంటారు గానీ, చర్మంలో ఈ విటమిన్ తయారయ్యేది ప్రధానంగా పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండలోనని తిరుపతిలో జరిగిన పరిశోధనలో తేలింది. మే నెలలో ఆ సాహసం పెద్దవారు చేయరాదు. చలికాలంలో కాసేపు చేతులకూ కాళ్ళకూ ఎండ తగిలేలా కూర్చోవచ్చు.

ఇక మాత్రల విషయం. రక్తపరీక్ష, ఎముక సాంద్రత పరీక్ష చూసి వైద్యులు కాల్షియం రాస్తే, థైరాయిడ్ మాత్రతో కలిపి ఒకేసారి మింగకండి. రెండింటికీ నడుమ నాలుగు గంటల ఎడం ఉండాలి. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు ఆ మాట మందు రాయకముందే వైద్యులకు చెప్పాలి.