రికార్డు చేసుకున్న టీవీ ఫైలుని ఏ సాఫ్ట్‌వేర్‌తో కత్తిరించాలి? (విశాఖ ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. సెట్‌టాప్ బాక్సుకి పెన్‌డ్రైవ్ పెట్టి ప్రోగ్రాములు రికార్డు చేసుకునేవాళ్లు మన విశాఖలో చాలామందే ఉన్నారు. ఆ ఫైలులోంచి కావాల్సిన భాగం తీసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్నది ఈ రోజు విషయం. వీడియో ఎడిటింగ్‌లో అనుభవం ఉన్న నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో?

కాలర్ (మద్దిలపాలెం): సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. టీవీలో వచ్చిన డ్యాన్స్ ప్రోగ్రాం టీఎస్ ఫైలుగా, అంటే బాక్సు రికార్డు చేసిచ్చిన రూపంలోనే ఉంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి నాకు కావాల్సింది తీసుకున్నాను. గంటసేపు పట్టింది, పైగా బొమ్మ మసకగా వచ్చింది.

నిపుణుడు: హ్యాండ్‌బ్రేక్ మంచిదే అమ్మా, కానీ అది కత్తిరించే కత్తెర కాదు. ఏం ఇచ్చినా మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే వీడియోని కుదించి కొత్తగా తయారుచేస్తుంది. అందుకే అంత టైమ్ పట్టింది, నాణ్యతా తగ్గింది. ఫోన్‌లో చూసుకోవడానికి, వాట్సాప్‌లో పంపడానికి అది వాడండి. దాచుకోవడానికైతే వద్దు. లాస్‌లెస్‌కట్ అని ఉంది, ఉచితం. అది ఎన్‌కోడ్ జోలికి పోదు, ఉన్న డేటానే కాపీ చేస్తుంది. గంట పట్టిన పని ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

కాలర్: డ్యాన్సర్ చెయ్యి తిప్పినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తున్నాయి సార్. అది కూడా హ్యాండ్‌బ్రేక్ వల్లేనా?

నిపుణుడు: కాదమ్మా. టీవీ ప్రసారాలు చాలావరకు ఇంటర్‌లేస్ పద్ధతిలో వస్తాయి. ఒక బొమ్మలోని సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఇంకోసారి. టీవీ వాటిని సర్దుకుంటుంది, కంప్యూటర్‌లో కనిపిస్తాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ గీతల్ని సర్దే డీ-ఇంటర్‌లేస్ ఆన్ చేసి చూడండి, పోతాయి. ఫైలుని మాత్రం ముట్టుకోవద్దు.

యాంకర్: తర్వాతి కాల్ భీమిలి నుంచి. చెప్పండి మేడమ్.

కాలర్ (భీమిలి): తుపాను రోజు రికార్డు చేశామండి. మధ్యమధ్య బొమ్మ ఆగింది. కట్ చేశాక చూస్తే పెదాలు ఒకటి, మాట ఒకటి.

నిపుణుడు: మేడమ్, డిష్ సిగ్నల్ 188 బైట్ల చిన్న చిన్న పెట్టెల్లో వస్తుంది. గూడ్సు బండి అనుకోండి. కొన్ని పెట్టెల్లో బొమ్మ, కొన్నింటిలో శబ్దం. వాన పెద్దదైతే కొన్ని పెట్టెలు దారిలోనే పోతాయి. బొమ్మది ఎంత పోయిందో, శబ్దానిదీ అంతే పోవాలని లేదు కదా. ఎప్పుడు ఏది వినిపించాలో తెలియడానికి ఫైలులో టైమ్ ముద్రలుంటాయి. వాటిని పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌తో కోస్తే ఆ తేడా అలాగే మిగిలిపోతుంది. కాబట్టి మీకు ముందు రిపేరు, తర్వాతే కోత. టీఎస్-డాక్టర్ అనేది ఈ పనికే ఉంది, కానీ కొనాలి. ప్రాజెక్ట్-ఎక్స్ ఉచితం, అయితే అది ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో వచ్చే ప్రసారాలకే. మీది హెచ్.264 అనే కొత్త పద్ధతి అయితే పనికిరాదు. ఏ పద్ధతో తెలియాలంటే వీఎల్‌సీలో కోడెక్ సమాచారం చూడండి.

కాలర్: పోయిన బొమ్మలు తిరిగి వస్తాయా?

నిపుణుడు: రావండి. మాట, పెదవి కలుస్తాయి, అంతే.

యాంకర్: గాజువాక నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్ (గాజువాక): మా నాన్నగారు సన్నాయి వాయించేవారండి. సింహాచలం అప్పన్న కల్యాణం టీవీలో లైవ్ వచ్చినప్పుడు మూడు గంటలు రికార్డు చేశాను. అందులో ఆయన వాయించింది పదకొండు నిమిషాలు. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. ఒక షాపులో ఇస్తే చిన్న ఫైలుగా మార్చి ఇచ్చారు. పాట వినిపిస్తోంది గానీ, సన్నాయి మీద ఆయన వేళ్లు అలికేసినట్టు అయిపోయాయి.

నిపుణుడు: అయ్యో. అసలు ఫైలు ఉందా?

కాలర్: ఉందండి, మూడు ముక్కలుగా.

నిపుణుడు: అది ఉంటే చాలండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్-32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, అందుకే బాక్సు ముక్కలు చేస్తుంది. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు?

కాలర్: మా అబ్బాయి అవిడెమక్స్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు. ఇప్పుడూ కంప్యూటర్ ముందే ఉన్నాను. నాన్నగారు సన్నాయి ఎత్తే ముందు ఉత్తరీయం అంచుతో దాని నోరు తుడుస్తారండి. ప్రతిసారీ అంతే. ఆ తుడవడం దగ్గర కట్ చేస్తే మొదటి క్షణం అంతా గడులు గడులుగా వస్తోంది. కొంచెం ముందుకి జరిపితే గడులు లేవు, కానీ తుడవడం పోతోంది, సన్నాయి అప్పటికే నోటి దగ్గరుంటుంది.

నిపుణుడు: అర్థమైందండి. మన టీవీలో సెకనుకి 25 బొమ్మలు. అన్నీ పూర్తి బొమ్మలు కావు. మన పద్దు పుస్తకం ఉంటుంది చూడండి, మొదట నిల్వ రాస్తాం, ఆ తర్వాత జమా ఖర్చులే. మధ్యలో పేజీ చింపితే నిల్వ ఎంతో తెలియదు. ఇక్కడ నిల్వ రాసిన పేజీని కీ ఫ్రేమ్ అంటారు. మిగతా బొమ్మలు మార్పుల్నే రాసుకుంటాయి. మీరు మధ్య పేజీ దగ్గర కోశారు, అందుకే గడులు. కీబోర్డులో కింది బాణం నొక్కండి, వెనక ఉన్న కీ ఫ్రేముకి వెళుతుంది.

కాలర్: నొక్కానండి... అర సెకను వెనక్కి వెళ్లింది. ఇక్కడ ఆయన లేరు, పూలదండ కనిపిస్తోంది.

నిపుణుడు: అక్కడే మొదలుకి ‘A’ గుర్తు పెట్టండి. ఆ దండ అర సెకను ఉంటుంది, ఉండనివ్వండి. అది పోవాలని పట్టుబడితే తుడవడం పోతుంది. చివర పెట్టే ‘B’ గుర్తుకి ఇంత పట్టింపు లేదు.

కాలర్: దండ కూడా లేకుండా సరిగ్గా తుడవడం దగ్గరే మొదలుపెట్టే దారి లేదా?

నిపుణుడు: ఉందండి. స్మార్ట్ రెండరింగ్ అంటారు. కోసిన చోట ఆ కాసిని బొమ్మల్నే మళ్లీ తయారుచేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. టీఎంపీజెంక్ వాళ్ల స్మార్ట్ రెండరర్ ఆ పని బాగా చేస్తుంది, కానీ డబ్బులు పెట్టాలి. లాస్‌లెస్‌కట్‌లోనూ స్మార్ట్ కట్ ఉంది, ఇంకా ప్రయోగ దశలోనిది. పదకొండు నిమిషాల కోసం, అందులో అర సెకను కోసం నేనైతే కొననండి. నాన్నగారి వేళ్లు ముఖ్యం, వాటికి ఇది చాలు.

కాలర్: ఆయన వాయిస్తుండగానే ఒక ముక్క అయిపోయి రెండోది మొదలవుతుందండి.

నిపుణుడు: అయితే మొదటి ముక్క తెరిచి, ఫైల్ మెనూలో అపెండ్‌తో రెండోది తగిలించాకే గుర్తులు పెట్టండి. ఎడమ పక్కన వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ రెండూ కాపీ అనే ఉండాలి. ఇంకేమున్నా షాపులో జరిగిందే మళ్లీ జరుగుతుంది. కింద ఫార్మాట్ ఎంకేవీ పెట్టి సేవ్ చేయండి. అతుకు దగ్గర రాగం తెగుతోందేమో చెవి పెట్టి వినండి.

కాలర్: చేస్తున్నానండి... తుడవడం ఉంది. ఇదిగో, ఎత్తారు.

నిపుణుడు: మంచిదండి. మూడు ముక్కలూ మాత్రం చెరపకండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఈ రోజే హార్డ్‌డిస్కులో ఒక కాపీ, మీ అబ్బాయి దగ్గర ఇంకొకటి.

కాలర్: సాయంత్రం వాడొస్తాడండి. ఇచ్చేస్తాను.