రెండు ముక్కలు ఒక్కటిగా కనిపించే విద్య ఎవరిది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విజయనగరం మిత్రులకు నమస్కారం.

పేక ముక్కల హస్తలాఘవంలో డబుల్ లిఫ్ట్ అనే పద్ధతి ఉంది. కట్ట మీది రెండు ముక్కలను అంచులు ఏమాత్రం విడిపోకుండా కలిపి ఎత్తి, ఒకే ముక్కను తిప్పినట్టు చూపిస్తారు. పైన కళావరు రాజు ఉందని ప్రేక్షకులు నమ్ముతారు, కాని అది రెండో ముక్క. మళ్లీ బోర్లించి నిజమైన పై ముక్కను బల్ల మీద పెడితే, కళావరు రాజు కట్టలోనే ఉండిపోతుంది. ఇంతటి ముఖ్యమైన పద్ధతిని మొదట కనిపెట్టిందెవరన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

ఈ పద్ధతి అనగానే చాలామందికి పేక ముక్కల ఇంద్రజాలికుడు డై వెర్నన్ గుర్తుకు వస్తాడు. ఏ విద్యనైనా మూడుసార్లు చూస్తే దాని గుట్టు చెప్పగలనని చాటుకున్న ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హ్యారీ హుడీనీ 1922లో షికాగోలో ఆయన ముందు ఓడిపోయాడు. హుడీనీ తన పొడి అక్షరాలు రాసిన ముక్కను వెర్నన్ పైనుంచి రెండో స్థానంలో పెట్టినట్టు కనిపించడం, మరుక్షణమే అది పైకి రావడం పదేపదే జరిగింది. ఆ ప్రదర్శనకు ఆధారం డబుల్ లిఫ్టేనని సాధారణంగా చెబుతారు. ఒకప్పుడు తనను పేక ముక్కల రాజుగా ప్రకటించుకున్న హుడీనీయే దాన్ని పట్టుకోలేకపోయాడు కనుక, అది అప్పుడే పుట్టిన విద్య అనుకోవడం సహజం.

అయితే 1716లో లండన్‌లో రిచర్డ్ నీవ్ ప్రచురించిన వినోద విద్యల పుస్తకంలో రెండు ముక్కలను ఒకటిగా చూపే విధానం ఉంది. చరిత్రకారులు సాధారణంగా చూపే అతి పాత ఆధారం ఇదే. రెండు వందల ఏళ్లకు పైగా అచ్చులో ఉన్న విద్యను అంతటి నిపుణుడు గుర్తించలేకపోయాడంటే, పుస్తకంలోని విద్య చేతుల్లోకి రావడం వేరే సంగతి అని ఒప్పుకోవాలి. నీవ్ రాసిన తేదీ ఆ విద్య ఎప్పటికల్లా ఉనికిలో ఉందో చెబుతుందే గాని, ఎప్పుడు పుట్టిందో చెప్పదు.

రాతలు దొరకకపోవడానికీ కారణాలున్నాయి. జూదరులకు మౌనమే రక్షణ. 1902లో షికాగోలో వెలువడిన పేక మోసాల ప్రసిద్ధ గ్రంథానికి ఎర్డ్‌నేస్ అనే మారుపేరు పెట్టుకున్న రచయిత ఎవరో నేటికీ తేలలేదు. వియన్నాకు చెందిన మహా నిపుణుడు హోఫ్‌జిన్సర్ 1875లో మరణించాక, ఆయన కోరిక మేరకు భార్య ఆయన కాగితాలను నాశనం చేసింది. ఓట్టోకార్ ఫిషర్ ఆయన పేక విద్యలను సేకరించి 1910లో అచ్చువేయకపోతే, ఆ పద్ధతులెన్నో తర్వాతి వారి సొత్తుగా చలామణి అయ్యేవి. ఆ కాగితాల సంగతి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నా అభిప్రాయంలో ఈ విద్య ఒకే చోట, ఒక్కసారే పుట్టలేదు. వానాకాలంలో మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో అరుగు మీద పేకాడిన వారెవరికైనా తెలుసు, చెమ్మకు ముక్కలు అతుక్కుని రెండు కలిసి చేతిలోకి వస్తాయి. పొరపాటున జరిగేదాన్ని కావాలని చేయవచ్చన్న ఆలోచన ఏ దేశపు ఆటగాడికైనా రావచ్చు. అంచులు కలిపి పట్టుకోవడం, కంటికి అనుమానం రాకుండా తిప్పడం మాత్రం దీర్ఘ సాధన వల్లనే వస్తాయి, వెర్నన్ ఘనత అక్కడే ఉంది.

అందుకే, రాసిన వారిలో మనకు తెలిసిన తొలివాడు నీవ్ అనీ, ఆ విద్య సత్తాను చాటినవాడు వెర్నన్ అనీ విడివిడిగా చెప్పడమే న్యాయం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యుడిగా సంగీత కళాశాల మొదలైన ఈ ఊరిలో, గురువు పేరు చెప్పకుండా విద్య చూపడం తప్పని ఎవరికీ వివరించనక్కర్లేదు. మన సంతల్లో గిన్నెలు, గోళీలతో కనికట్టు చేసిన గారడీవాళ్ల విద్యకు మాత్రం, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పే నీవ్ లాంటి పుస్తకం కూడా లేదు. ఆ కుటుంబాల్లోని పెద్దలు బతికి ఉండగానే వారి పేరు, ఊరు, గురువు పేరు రాయించుకోవాలి. మన జిల్లాల కళాశాలల విద్యార్థులు ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను.