సర్వర్‌లో హార్డ్ డిస్క్ పోయిందా? ముందు ఏ డిస్కో తేల్చుకోండి

(స్క్రీన్‌పై: సర్వర్ ముందు భాగం. నాలుగు డిస్క్ ట్రేలు, ఒకదాని మీద నారింజ రంగు లైటు.)

నమస్కారం. సర్వర్‌లో ఒక డిస్క్ పోయిందని మీకు మెయిల్ వచ్చింది. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపి వాడే పద్ధతి) ఉంది కాబట్టి పని ఆగలేదు, ఆఫీసులో ఎవరికీ విషయం తెలియను కూడా తెలియదు. టెన్షన్ అంతా మీదే. గబగబా వెళ్లి, ఇదే అనుకున్న డిస్క్‌ను లాగేశారనుకోండి. అది బాగున్న డిస్క్ అయితే? రెయిడ్ 5లో ఒక్క డిస్క్ పోతేనే తట్టుకోగలం. రెండోది మన చేత్తో మనమే తీసినట్టవుతుంది, అర్రే, అంటే ఆ డిస్కుల సమూహం, అక్కడికక్కడే ఆగిపోతుంది. డిస్క్ మార్చడం నిమిషాల పని. ఏ డిస్కో తేల్చుకోవడమే అసలు పని. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సేపు దాని మీదే ఉంటాను.

మన ఉదాహరణ: లినక్స్ సర్వర్, నాలుగు 4 టీబీ డిస్కులు, ఎండీఏడీఎం అనే లినక్స్ టూల్‌తో చేసిన సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5.

(స్క్రీన్‌పై: నాలుగు గడులు. మూడింటిలో 1, 0, 1. నాలుగోదాంట్లో 0.)

ఒక డిస్క్ లేకపోయినా డేటా ఎలా వస్తోందో చూడండి. మూడు డిస్కుల్లో ఒకే వరుసలో 1, 0, 1 ఉన్నాయి. ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్య కావాలన్నది నియమం. ఇక్కడ రెండు ఒకట్లున్నాయి కాబట్టి నాలుగో డిస్క్‌లో రాసే ప్యారిటీ, అంటే సరిచూసే అంకె, 0. ఇప్పుడు మూడో డిస్క్ పోయింది. మిగిలింది 1, 0, ప్యారిటీ 0. ఒకట్లు సరిసంఖ్య కావాలంటే ఖాళీలో 1 ఉండి తీరాలి. పోయిన డేటాను ప్రతిసారీ ఇలా లెక్కగట్టి ఇస్తోంది సర్వర్. ప్యారిటీ ఒకే డిస్క్‌లో ఉండదు, వరుస వరుసకీ డిస్క్ మారుతూ ఉంటుంది.

(స్క్రీన్‌పై: టెర్మినల్‌లో ఎండీస్టాట్ ఫైలు.)

ముందుగా ఎండీస్టాట్, అంటే రెయిడ్ పరిస్థితి చూపించే ఫైలు, చూడండి. బ్రాకెట్లలో యూ, యూ, అడ్డగీత, యూ అని ఉందా? యూ అంటే బాగున్న డిస్క్, గీత ఉన్న చోట డిస్క్ లేనట్టు. పోయిన డిస్క్ పేరు పక్కన బ్రాకెట్లో ఎఫ్ కనిపిస్తుంది. ఉదాహరణకు ఎస్‌డీసీ. ఈ పేరు చూసి మూడో ట్రే అనుకోకండి. ఈ పేర్లు బూట్ అయినప్పుడు ఏ డిస్క్ ముందు దొరికితే దానికి అంటుకునేవి, ట్రే వరుసతో వాటికి సంబంధం లేదు.

ఇప్పుడు స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ డిస్క్ ఆరోగ్య రిపోర్టు తీయండి. 5, 197, 198 నంబర్ల వరుసల్లో అంకెలు పెరుగుతుంటే డిస్క్ ఉపరితలమే దెబ్బతింటోందని అర్థం. అవన్నీ సున్నాగా ఉండి, 199 మాత్రం పెరుగుతోందంటే ముందు కేబుల్‌ను అనుమానించండి. అది డిస్క్‌కూ కంట్రోలర్‌కూ మధ్య దారిలో వచ్చే తప్పుల లెక్క. అలాంటప్పుడు కొత్త డిస్క్ పెట్టినా వారం తిరక్కుండా అదే మెయిల్ మళ్లీ వస్తుంది.

అదే రిపోర్టులో సీరియల్ నంబర్ ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. డిస్క్ పూర్తిగా చచ్చిపోయి రిపోర్టే రాకపోతే, బాగున్న మూడింటి సీరియల్ నంబర్లు రాసుకోండి. ఆ మూడూ కానిదే మనకు కావలసింది.

కానీ ట్రే బయటికి తీస్తే గానీ సీరియల్ నంబర్ కనపడదు కదా? ఇక్కడ లైట్లు పనికొస్తాయి. సర్వర్‌లో ఆ సౌకర్యం ఉంటే లెడ్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ ట్రే లైటు వెలిగించొచ్చు. లేకపోతే బాగున్న డిస్కుల నుంచి ఒక్కొక్కటిగా డీడీ కమాండ్‌తో డేటా చదివించండి. చదివించడమే, రాయించడం కాదు. ఏ ట్రే లైటు ఆగకుండా మినుకుమంటుందో గుర్తుపెట్టుకుంటూ పోతే, చివరికి మిగిలేదే పోయిన డిస్క్. ఒకటికి రెండుసార్లు చూడండి.

డిస్క్ తీసేముందు బ్యాకప్ సంగతి. రీబిల్డ్ అంటే పోయిన డేటాను కొత్త డిస్క్‌లో తిరిగి నింపడానికి మిగతా మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదవడం. అంటే 12 టీబీ. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్‌లో, 1 పక్కన 14 సున్నాలున్నన్ని బిట్లు చదివితే ఒక తప్పు రావచ్చని రాసి ఉంటుంది. అది దాదాపు 12.5 టీబీ. నిజానికి అంత తరచుగా రాదు, అది కంపెనీ పెట్టుకున్న గరిష్ఠ హద్దు. అయినా ఆ ఒక్క తప్పు ఇప్పుడు వస్తే దాన్ని సరిచేసే ప్యారిటీ మన దగ్గర లేదు. అందుకే ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరే చోటికి కాపీ చేయండి. ఇంత పెద్ద డిస్కులతో రెయిడ్ 5 కన్నా, రెండు డిస్కులు పోయినా నిలబడే రెయిడ్ 6 మేలని నా గట్టి అభిప్రాయం.

కొత్త డిస్క్ సైజు పాతదానికంటే తక్కువుంటే అర్రే తీసుకోకపోవచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, మోడల్ నంబర్ చూసి అది ఎస్‌ఎంఆర్ రకం కాదని ఖాయం చేసుకోండి. ఆ రకంలో ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, రీబిల్డ్ లాంటి ఎడతెగని రాతకు బాగా నెమ్మదిస్తాయి. డబ్బా మీద ఈ విషయం ఉండకపోవచ్చు. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని 2 నుంచి 6 టీబీ మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని కంపెనీ 2020లో గానీ బయటపెట్టలేదు.

(స్క్రీన్‌పై: ట్రే పిడి పట్టుకున్న చేయి, దగ్గరగా.)

ఎండీఏడీఎంలో ముందు ఫెయిల్, తర్వాత రిమూవ్ కమాండ్ ఇవ్వండి. హాట్ స్వాప్, అంటే నడుస్తుండగానే డిస్క్ మార్చగల సర్వర్ అయితే ఆపాల్సిన పనిలేదు. ట్రేను కొద్దిగా ముందుకు లాగి అర నిమిషం ఆగండి, లోపల డేటా ఉండే పళ్లేలు ఇంకా తిరుగుతూ ఉండొచ్చు. తర్వాత పూర్తిగా తీసి, సీరియల్ నంబర్ కాగితంతో పోల్చుకున్నాకే కొత్తది బిగించండి.

పార్టిషన్లు (డిస్క్‌లో విడదీసిన భాగాలు) ఉన్న అర్రే అయితే ఇక్కడ జాగ్రత్త. ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో పార్టిషన్ టేబుల్ కాపీ చేసేటప్పుడు కొత్త డిస్క్ పేరు ముందు, బాగున్న పాత డిస్క్ పేరు తర్వాత రావాలి. తారుమారైతే ఖాళీ టేబుల్ వెళ్లి బాగున్న డిస్క్ మీద పడుతుంది. ఎంటర్ కొట్టేముందు సీరియల్ నంబర్లతో సహా మళ్లీ చదవండి. ఈ డిస్కుల నుంచే సర్వర్ బూట్ అవుతుంటే కొత్తదానిలో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్ కూడా వేయాలి.

తర్వాత యాడ్ కమాండ్. ఎండీస్టాట్‌లో రికవరీ శాతం కదలడం మొదలవుతుంది. సెకనుకు 150 ఎంబీ చొప్పున వెళ్లినా 4 టీబీకి ఏడు గంటలకు పైనే. మధ్యలో వాడకం ఉంటే ఇంకా ఎక్కువ. రాత్రి నడిచే భారీ పనులు ఆ పూటకు ఆపేయండి.

నాలుగు యూలు వచ్చాక ఒకసారి పూర్తి చెక్ నడపండి. డెబియన్ లినక్స్‌లో ఇది నెలలో మొదటి ఆదివారం దానంతటదే నడిచేలా ఉంటుంది. మెయిల్ హెచ్చరిక పనిచేస్తోందో లేదో ఎండీఏడీఎం టెస్ట్ ఆప్షన్‌తో ఇప్పుడే చూసుకోండి.

ఇక పాత డిస్క్. రెయిడ్‌లోది కదా, ఒక్క ముక్కతో ఎవరేం చేస్తారు అనుకోవద్దు. ఎండీఏడీఎం మామూలుగా 512 కేబీ ముక్కలుగా డేటా రాస్తుంది. చిన్న వర్డ్ ఫైలు, ఆధార్ స్కాన్ లాంటివి ఒకే ముక్కలో పూర్తిగా ఇమిడిపోవచ్చు. డిస్క్ ఇంకా తిరుగుతుంటే మొత్తం చెరిపేయండి. తిరగకపోతే, మనుషుల వివరాలున్న డిస్క్‌ను వారంటీకి కూడా పంపకుండా పళ్లేలకు డ్రిల్‌తో రంధ్రాలు చేసి, ఆ తర్వాతే ఈ-వ్యర్థాల వాళ్లకు ఇవ్వండి.