వాల్తేరు దాకా వచ్చిన కంపెనీ

సభకు నమస్కారం.

బెంగాల్ నాగపూర్ రైల్వేను మన పెద్దలు బి.ఎన్.ఆర్. అనేవారు. 1887లో ఆ బ్రిటిష్ కంపెనీ పుట్టినప్పుడు దాని చూపు మన తీరం మీద లేదు. నాగపూర్–ఛత్తీస్‌గఢ్ మీటరు గేజి (సన్న పట్టాల) మార్గాన్ని తీసుకుని, బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాలు)గా మార్చి, బెంగాల్‌లోని ఆసన్‌సోల్ దాకా పొడిగించడమే దాని పని. 1891కల్లా అది పూర్తయింది.

మన తీరం వెంట పట్టాలు వేసింది ప్రభుత్వమే. బెజవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను 1893–96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. గోదావరి మీద మాత్రం 1900 దాకా వంతెన లేదు. ఆ తర్వాత కొద్దికాలానికే ప్రభుత్వం ఈ మార్గాన్ని పంచేసింది: 1901లో దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, 1902లో ఉత్తర భాగం బి.ఎన్.ఆర్.కు. పంపకం గీత మన విశాఖపట్నంలోని వాల్తేరు దగ్గర పడింది. మన ఊరు రైల్వే ఊరిగా ఎదగడానికి ఆ గీతే పునాది అని నా అభిప్రాయం. రెండు కంపెనీలు కలిసే చోటును ఏ కంపెనీ చిన్నచూపు చూడగలదు?

అసలు కథ కొండల అవతల ఉంది. మధ్య పరగణాల (నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ ప్రాంతాల) మాంగనీసు ఖనిజానికి దగ్గరి సముద్రం మనదే. కానీ దారేది? విజయనగరం నుంచి బయలుదేరిన పట్టాలు 1909 నాటికి పార్వతీపురం చేరాయి. అక్కడి నుంచి తూర్పు కనుమలు దాటి రాయపూర్‌తో కలవడానికి 1931 దాకా పట్టింది. ఈలోగా ఇక్కడ డాల్ఫిన్స్ నోస్ కొండ కింద, కొత్త రేవులో ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవులోకి వచ్చింది. రైలు మార్గం పూర్తయిన రెండేళ్లకే రేవు తెరుచుకోవడం కాకతాళీయం కాదు. ఒకటి లేనిదే రెండోదానికి బతుకు లేదు.

ఈ కంపెనీ కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎందరో బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడ్డారు. అక్కడి కర్మాగారాల్లో తెలుగు వినబడని రోజు లేదు. బి.ఎన్.ఆర్. కార్మికులను కూడగట్టి నడిపించిన వి.వి. గిరి తరువాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరు చరిత్రకెక్కింది. ఆయన వెంట నడిచిన ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్ పేర్లు ఎక్కలేదు. అది నన్ను బాధిస్తుంది.

1944లో కంపెనీ పాలన ముగిసి మార్గం ప్రభుత్వ చేతికి వచ్చింది. మీ ఇళ్లలో తాతల నాటి సర్వీసు పుస్తకాలు, జీతం చీటీలు ఉంటే దయచేసి పారేయకండి. నకలు తీసుకుని భద్రపరుస్తాం. సభ ముగిశాక వేదిక పక్కనే ఉంటాను, వచ్చి మాట్లాడండి.