పరీక్ష కంటే ముందే వచ్చిన కారు

శ్రోతలకు నమస్కారం.

డ్రైవింగ్ పరీక్ష ఇంకా పాస్ కాని మనిషి కారు కొని, దాని బీమా గురించి ఆరా తీస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లకు నవ్వొస్తుంది. ‘ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని మేలమాడతారు. సామెత చక్కనిదే గానీ ఇక్కడ చెల్లదు. ఈ సోమలింగం అప్పటికే పుట్టి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. నాలుగు చక్రాలున్నాయి, తాళం చెవి ఉంది, రిజిస్ట్రేషన్ నంబరు కూడా వచ్చేసింది. రావలసింది లైసెన్సు ఒక్కటే. అది వచ్చేదాకా బీమా సంగతి ఆగదు.

మోటారు వాహనాల చరిత్రలో కూడా వరుస ఇదే. బ్రిటన్‌లో ఎదుటివారి నష్టానికి బీమా, అంటే మనం థర్డ్ పార్టీ అంటున్నది, తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 1930లో. డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935 జూన్ 1న. నడుమ కొన్నేళ్లపాటు ఆ దేశంలో కొత్తగా స్టీరింగ్ పట్టినవాణ్ణి ‘నీకు బండి నడపడం వచ్చా?’ అని పరీక్షించేవారు లేరు. ‘బీమా ఉందా?’ అని అడిగే చట్టం మాత్రం ఉంది. అంతకన్నా ముందే, 1928లో, న్యూజిలాండ్ ఇలాంటి చట్టం చేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. కారు గుద్ది కాలు విరిగినవాడు కోర్టుకెళ్లి గెలిచినా, గుద్దినవాడి దగ్గర చిల్లిగవ్వ లేకపోతే ఆ తీర్పు కాగితం ఎందుకు పనికొస్తుంది? చట్టానికి ముందుగా వినిపించింది దెబ్బ తిన్నవాడి గోడు. నడిపేవాడి నైపుణ్యం సంగతి తర్వాత చూశారు.

సరే, లైసెన్సు లేనివాళ్లకు బీమా ఇస్తారా? సాధారణంగా ఇస్తారు. కారు సొంతం చేసుకోవడం వేరు, నడపడం వేరు. కంటిచూపు మందగించి డ్రైవరును పెట్టుకున్న పెద్దాయనకు కారు ఉండవచ్చు. ఒక కంపెనీ పేరు మీదా కారు ఉండవచ్చు, కంపెనీకి చేతులూ కాళ్లూ లేకపోయినా. కాబట్టి లైసెన్సు లేదన్న మాట వినగానే బీమా సంస్థ తలుపు మూసేయదు. అయితే ఆ కారును ఎవరు నడుపుతారో తప్పకుండా అడుగుతుంది. కొన్నది కారుకు బీమా, ప్రశ్నలన్నీ డ్రైవరు సీటు గురించి. ఈ ఒక్క ప్రశ్నకు పరీక్షకు ముందు ఒక జవాబు, పరీక్ష రోజున ఒక జవాబు, ఆ మర్నాటి నుంచి మరో జవాబు ఉంటాయి. చిక్కులన్నీ ఒక దశలో చెప్పిన జవాబును మరో దశకు లాక్కొచ్చినప్పుడే వస్తాయి.

‘నేను నడపనే నడపను, పాస్ అయ్యేదాకా కారు ఇంటి దగ్గరే ఉంటుంది, అప్పటిదాకా బీమా ఎందుకు?’ అనేవారు ఉంటారు. నిలిపి ఉంచిన కారు దొంగల పాలు కావచ్చు, కాలిపోవచ్చు, వరదలో మునగవచ్చు, దాని మీద చెట్టు కూలవచ్చు. వీటిలో దేనికీ డ్రైవరుతో పని లేదు. కానీ ఇవి మన సొంత నష్టాలు, భరించగలిగితే భరిస్తాం. ఎదుటివారి నష్టం సంగతికి వస్తే, పోర్చుగల్‌లో జరిగిన ఒక ఘటన చెప్పుకోవాలి. అక్కడ ఒక మహిళ అనారోగ్యం వల్ల కారు నడపడం మానేశారు. కారును ఇంటి ఆవరణలో నిలిపేశారు. బీమా లేదు. అలాగని రిజిస్ట్రేషన్ రద్దు చేయించనూ లేదు. 2006లో ఆమె కొడుకు చెప్పాపెట్టకుండా ఆ కారు తీసుకుని వెళ్లాడు. కారు రోడ్డు దాటి పడిపోయి అతనూ, వెంట ఉన్న మరో ఇద్దరూ చనిపోయారు. ఆ ఇద్దరి కుటుంబాలకు, బీమా లేని కార్ల బాధితులను ఆదుకునే అక్కడి పరిహార నిధి డబ్బు చెల్లించి, ఆ సొమ్ము తిరిగి కట్టమని ఆమె మీద దావా వేసింది. కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2018లో తీర్పు వచ్చింది. నడపడానికి అనువుగా ఉండి, రిజిస్ట్రేషన్ కొనసాగుతున్న కారుకు బీమా ఉండవలసిందే, యజమాని ఇక నడపకూడదని నిలిపేసినా సరే అన్నారు న్యాయమూర్తులు. ఆమె ఆ కారును ముట్టుకోనైనా లేదని గుర్తుంచుకోండి. బ్రిటన్‌లోనూ 2011 నుంచి ఇదే పద్ధతి. కారుకు బీమా అయినా ఉండాలి, రోడ్డెక్కడం లేదని ముందుగా రాసి అయినా ఇవ్వాలి. మూడో దారి లేదు.

ఇక నేర్చుకునే రోజుల సంగతి. అసలు మెలికలన్నీ ఇక్కడే ఉన్నాయి.

కారు మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉంటుంది, జేబులో లెర్నర్ లైసెన్సు ఉంటుంది, పక్క సీట్లో నడపడం తెలిసినవారు కూర్చుంటారు. ఈ మూడూ రవాణా శాఖ వాళ్ల నిబంధనలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి బీమా షరతులు కూడా. భారతదేశంలో కారు పాలసీ తెరిచి, ‘డ్రైవర్’ అన్న శీర్షిక కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ప్రమాద సమయంలో నడుపుతున్నవారికి చెల్లుబాటులో ఉన్న లైసెన్సు ఉండాలని మొదటి వాక్యం చెబుతుంది. దాని కిందే మరో వాక్యం. లెర్నర్ లైసెన్సు ఉన్నవారు కూడా నడపవచ్చు, అయితే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో మూడో నియమాన్ని వారు పాటిస్తూ ఉండాలి. ఆ మూడో నియమం ఏం చెబుతుంది? పక్కన లైసెన్సున్న శిక్షకుడు ఉండాలి, కారును అదుపు చేయడానికో ఆపడానికో వీలయ్యే చోట ఆయన కూర్చోవాలి, కారుకు ముందూ వెనకా ‘ఎల్’ గుర్తు ఉండాలి. వెనక సీట్లో ఫోను చూసుకుంటూ కూర్చున్న బావగారు ఈ లెక్కలోకి రారు. బ్రిటన్‌లో పక్కన కూర్చునేవారికి కనీసం 21 ఏళ్లు నిండాలి, పూర్తి లైసెన్సు వచ్చి మూడేళ్లు అయి ఉండాలి. బీమా సంస్థ కావాలనుకుంటే ఇంకా ఎక్కువ వయసు కోరవచ్చు, అందుకే పాలసీ చదవమనేది.

నేర్చుకునేవారు నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా దండగేనన్న అపోహ ఒకటి ఉంది. అది సరికాదు. లెర్నర్ లైసెన్సుతో నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగినా దెబ్బ తిన్నవారికి పరిహారం చెల్లించవలసిన బాధ్యత బీమా సంస్థదేనని భారత సుప్రీంకోర్టు 2004లోనే తేల్చి చెప్పింది. అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. యజమాని పాలసీ షరతులు మీరినట్టు రుజువైతే, సంస్థ ముందు బాధితులకు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. కాబట్టి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసి ఒంటరిగా కారు తీసినవాడికి థర్డ్ పార్టీ పాలసీ ఉన్నా ఊరట ఉండకపోవచ్చు. బాధితుడికి డబ్బు అందుతుంది, బాకీ మాత్రం మన నెత్తి మీద మిగులుతుంది. మన కారు మరమ్మతు ఖర్చు సంగతి సరేసరి. షరతు మీరినచోట దాని మీద ఆశ పెట్టుకోవడం కష్టం.

క్లెయిమ్ ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. నేర్చుకునే అమ్మాయి కారును వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి రాసింది. ఎడమ తలుపు సొట్టపోయింది. తప్పు చిన్నది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్లెయిమ్ పత్రంలో డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, అది ఇచ్చిన తేదీ, పూర్తిదా లెర్నరా అన్న గడులు ఉంటాయి. ‘మీ పేరు రాద్దాం నాన్నా, గొడవ ఉండదు’ అంటుంది అమ్మాయి. తండ్రి కలం తీస్తాడు. ఆయనకు పూర్తి లైసెన్సుంది, పక్క సీట్లో కూర్చున్నదీ ఆయనే. ఉన్నది ఉన్నట్టు రాస్తే షరతులన్నీ పాటించినట్టే, క్లెయిమ్ సాఫీగా వచ్చే అవకాశం ఉంది. డ్రైవరు పేరు మారిస్తే మాత్రం నిక్షేపంలాంటి క్లెయిమ్ కాస్తా అబద్ధపు క్లెయిమ్ అవుతుంది. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి సీటు ఎంత ముందుకు జరిపి ఉందో చూసి, ‘అప్పుడు ఎవరు నడుపుతున్నారు?’ అని మామూలుగా అడిగాడంటే తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. సొట్ట ఖర్చు ఎంత? ఆ అబద్ధం ఖర్చు ఎంత? ఈ బేరం నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇదే అబద్ధానికి పెద్దన్న ఒకటుంది. కారు రోజూ నడపబోయేది కొడుకు, బీమా పత్రంలో ప్రధాన డ్రైవరుగా తల్లి పేరు, ఎప్పుడో ఒకసారి నడిపే రెండో డ్రైవరుగా కొడుకు పేరు. ప్రీమియం తగ్గుతుందని ఈ ఏర్పాటు. నడిపేవారి వయసునూ అనుభవాన్నీ బట్టి ప్రీమియం కట్టే బ్రిటన్ లాంటి దేశాల్లో దీన్ని మోసం కింద లెక్కిస్తారు. బయటపడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీ రద్దు చేయవచ్చు. ఒకసారి పాలసీ రద్దయితే ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ ఆ సంగతి చెప్పుకోవలసి వస్తుంది. తల్లి నిజంగా ఎక్కువ నడిపి, కొడుకు ఆదివారాలు మాత్రమే నేర్చుకుంటుంటే అందులో తప్పేమీ లేదు. పేర్ల వరుస రోడ్డు మీద జరిగేదానికి సరిపోవాలి, అంతే.

అన్ని దేశాల్లోనూ ఈ చిక్కు ఒకేలా ఉండదు. జర్మనీలో నేర్చుకునేవారు డ్రైవింగ్ స్కూలు కారులోనే, శిక్షకుడి వైపు కూడా బ్రేకు ఉన్న కారులోనే నేర్చుకోవాలి. సొంత కారుతో పరీక్షకు సిద్ధమయ్యే ప్రశ్నే అక్కడ రాదు.

ప్రీమియం విషయంలో ఒక విచిత్రం ఉంది. నేర్చుకుంటున్నప్పటి కన్నా పాస్ అయిన తర్వాతే ప్రీమియం పెరిగే సందర్భాలు బ్రిటన్‌లో మామూలు. పరీక్ష నెగ్గినందుకు ఇదా బహుమతి అని ఒళ్లు మండుతుంది. సంస్థ లెక్క వేరు. నిన్నటిదాకా పక్కన ఒక పెద్దమనిషి ఉన్నాడు, ‘ఆపు, ఆపు’ అనేవాడు. రేపటి నుంచి ఆ సీటు ఖాళీ, లేదా అందులో మీ ఈడు స్నేహితుడు. కాబట్టి కారు కొనేటప్పుడే ఈ రెండో ప్రీమియం ఎంత అవుతుందో అడిగి తెలుసుకోండి. ఎక్కువ శక్తిగల ఇంజను, ఖరీదైన విడిభాగాలు ఉన్న కారు ఎంచుకుంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. కొన్ని పాలసీల్లో కొత్తగా నడిపేవారి చేతిలో కారు దెబ్బతింటే, మరమ్మతు ఖర్చులో మన జేబులోంచి పెట్టుకోవలసిన మొదటి వాటా కూడా ఎక్కువగా ఉంటుంది. ఏజెంటు తనంతట తాను ఈ మాట ఎత్తుతాడని ఎదురుచూడకండి.

పాలసీ ఎవరి పేరున ఉండాలన్నది మరో ప్రశ్న. సాధారణంగా క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి దక్కే రాయితీ, అదే నో క్లెయిమ్ బోనస్, పాలసీ ఎవరి పేరున ఉంటే వారికే వస్తుంది. నేర్చుకునే దశలోనే సొంత పేరున పాలసీ తీసుకున్నవారికి పరీక్ష పాసయ్యేసరికి ఆ లెక్క మొదలై ఉంటుంది. అమ్మానాన్నల కారులో రెండో డ్రైవరుగా ఉన్నవారి విషయంలో జాగ్రత్త, వాళ్లు చేసిన క్లెయిమ్ పెద్దవాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రాయితీని తినేయవచ్చు. భారతదేశంలో ఇంకొకటి చూసుకోవాలి. యజమానే డ్రైవరుగా ఉండి గాయపడితే వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలో విడిగా ఉంటుంది. యజమానికి లైసెన్సే లేకపోతే అది వర్తించదు. దాని కోసం డబ్బు కట్టించుకుంటుంటే, ఎందుకని అడగండి.

చివరగా పరీక్ష రోజు. సొంత కారులోనే పరీక్షకు వెళుతున్నారనుకుందాం. ఆ కారు పరీక్షకు వాడుకునేందుకు పాలసీ ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోవాలి. వెళ్లేటప్పుడు మీరు లెర్నరు, పక్కన పెద్దవారు ఉన్నారు, అంతా సవ్యమే. పరీక్ష అయింది, పాస్ అయ్యారని చెప్పారు, చేతికి కాగితం ఇచ్చారు. ఉత్సాహంగా తాళం తిప్పి ఇంటికి బయలుదేరబోతున్నారు. ఇక్కడ ఆగండి. బ్రిటన్‌లో ప్రత్యేకంగా లెర్నర్ల కోసం అమ్మే పాలసీలు చాలావరకు పాస్ అయిన క్షణంతో ముగిసిపోతాయి. ఇక మీరు లెర్నరుగా లేరు కదా! వచ్చిన దారినే, అదే కారులో, అదే మనిషి పక్కన ఉండగా తిరిగి వెళ్లినా బీమా లేకుండా నడిపినట్టే. బీమా లేకుండా నడిపితే లైసెన్సు మీద కనీసం ఆరు పాయింట్లు, అంటే తప్పులకు వేసే శిక్ష మార్కులు, పడతాయి. 1995 నాటి చట్టం ప్రకారం, పాస్ అయిన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు చేరితే ఆ లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ లెర్నర్ లైసెన్సు, మళ్లీ పరీక్ష.

అందుకని పరీక్షకు ముందు రోజే బీమా సంస్థకు ఫోను చేసి ఉంచండి. ‘రేపు పాస్ అయితే ఈ పాలసీ అక్కడితో ఆగిపోతుందా, కొనసాగుతుందా? ఆగిపోతే కొత్తది ఎన్ని గంటల నుంచి అమల్లోకి వస్తుంది?’ అని అడగండి. జవాబు నోటిమాటగా కాకుండా మెయిల్‌లోనో సందేశంలోనో తెప్పించుకోండి. పాస్ అయ్యాక కొత్త లైసెన్సు నంబరు, తేదీ చెప్పి, సవరించిన పాలసీ చేతికి వచ్చేదాకా పక్క సీట్లో కూర్చోండి. ఆ పూట కారు తోలుకొచ్చే పని మీతో వచ్చిన పెద్దవారిది, అది కూడా వారి పేరు పాలసీలో ఉంటేనే.

నమస్కారం.