నాలుగు బిళ్లల బరువు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ చెప్పేశారు. ఐదోసారి నేనూ చెబితే వాళ్లకే విసుగు పుడుతుంది. ప్రిన్సిపాల్ గారికి మాత్రం థాంక్స్ చెప్పాలి. వన్యప్రాణి వారోత్సవాలకి దేని మీద మాట్లాడతారు సార్ అని ఫోన్ చేస్తే "టండ్రా" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "సూళ్లూరుపేటలో టండ్రానా సార్?" అన్నారు.

అవును, ఇక్కడే. ఈ అక్టోబరు ఉక్కలోనే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను 31 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. నా నోట్సులో టండ్రాకి నాలుగే లైన్లు. "చెట్లు లేని శీతల ఎడారి. నాచు, లైకెన్లు పెరుగును. రెయిన్‌డీర్, ధ్రువపు నక్క నివసించును. జీవవైవిధ్యం తక్కువ." ఐదు మార్కుల ప్రశ్న. రాసుకోండి అనేవాణ్ణి, రాసుకునేవాళ్లు. పరీక్షలో అదే రాస్తే టిక్కు పెట్టేవాణ్ణి. నేను అలా టిక్కులు పెడుతున్న రోజుల్లోనే, ఆ టండ్రాలో గుడ్డు పగలగొట్టుకుని పుట్టిన పిట్టలు బస్సులో అరగంట దూరంలో మన పులికాట్ బురదలో పురుగులు ఏరుకుంటున్నాయి. నాకు తెలియదు. చూడలేదు. రాజహంసల్ని చూసి, ఫొటో దిగి ఇంటికొచ్చేవాణ్ణి.

ఆ పిట్ట పేరు లిటిల్ స్టింట్. మన వైపు ఇలాంటివాటన్నిటినీ కలిపి ఉల్లంకులు అనేస్తాం. బరువు 20 నుంచి 30 గ్రాములు. కొత్త ఐదు రూపాయల బిళ్లలు నాలుగు అరచేతిలో పెట్టుకోండి, అంతే. దాని పక్కనే తిరిగే కొంచెం పెద్దది, ముక్కు కిందికి వంగి ఉండేది, కర్లూ శాండ్‌పైపర్. వీటి పుట్టిల్లు సైబీరియా ఉత్తరపు అంచు. మ్యాపులో ఆసియా నెత్తి మీద ఒక కొమ్ములా పొడుచుకొచ్చి ఉంటుందే, తైమీర్ ద్వీపకల్పం, అదీ, దాని చుట్టుపక్కల తీరాలూ. ఇక్కడికి 7,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

అక్కడ నేల మోకాలి లోతు దాటితే చాలాచోట్ల రాయిలా గడ్డకట్టి ఉంటుంది. ఎండాకాలంలో కూడా కరగదు. దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వాన తక్కువే, కానీ పడ్డ నీరు కిందికి ఇంకే దారి లేదు. అందుకని ఎక్కడ చూసినా గుంటలు, చిత్తడి, దోమలు. నేను నోట్సులో ఎడారి అని రాయించానే, అక్కడ అడుగేస్తే బూటు బురదలో దిగబడుతుంది! చెట్లు లేవనీ అన్నాను. విల్లో ఉంది. కాకపోతే నేల మీద పాకుతుంది, ఆ 'అడవి'లో నిలబడితే మీ చీలమండ కూడా మునగదు. పెన్సిలంత లావు కాడలో పదుల ఏళ్ల వలయాలుంటాయి. డ్రయాస్ అని ఒక తెల్లపువ్వు, గిన్నెలా విచ్చుకుని సూర్యుడు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. దాని నడిమధ్య బయటికంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. ఈగలు వచ్చి అందులో కూర్చుని చలి కాచుకుంటాయి. మన ఊళ్లో టీ బంకు దగ్గర చేరినట్టు.

మొక్కల గురించి ఇంకా చెప్పొచ్చు గానీ నా మనసంతా ఎలుక మీద ఉంది.

లెమ్మింగ్. ఎలుక జాతిదే, తోక పొట్టి, గుప్పిట్లో పడుతుంది. టండ్రాని నడిపేది తోడేలూ కాదు, ఎలుగుబంటీ కాదు, ఇదే. చలికాలం నిద్రపోదు. మంచు దుప్పటి కింద సొరంగాలు తవ్వుకుని గడ్డి, నాచు తింటూ ఉంటుంది. బయట మైనస్ 40 ఉన్నా మంచు అడుగున ఆ చలి ఉండదు. అక్కడే పిల్లల్ని పెడుతుంది. మెడపట్టీ లెమ్మింగ్ అని ఒక రకం ఉంది, చలికాలానికి తెల్లబొచ్చు వేసుకుంటుంది, ముందు కాళ్లకి మంచు తవ్వుకోను గోళ్లు పెద్దవవుతాయి, ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ మామూలే. మూడు నాలుగేళ్లకోసారి వీటి సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ మరుసటేడు వెతికినా దొరకవు.

లెమ్మింగ్‌లు గుంపుగా వెళ్లి సముద్రంలో దూకి చస్తాయని మీరు విని ఉంటారు. అబద్ధం. 1958లో వచ్చిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ కోసం వాటిని కొని తెచ్చి, సముద్రమే లేని కెనడా రాష్ట్రంలో, గట్టు మీంచి నీళ్లలోకి తోసి తీశారు. ఈ అబద్ధాన్ని కూడా నేను క్లాసులో చెప్పాను. పిల్లలు నవ్వారు. ఇదీ నా సర్వీసు.

సరే, అసలు విషయం. లెమ్మింగ్‌లు పొంగిన ఏడాది అందరికీ పండగే. ఆర్కిటిక్ నక్క ఒక్క ఈతలో పదికి పైగా పిల్లల్ని పెడుతుంది. మంచు గుడ్లగూబ గూడు నిండా గుడ్లు పెడుతుంది. కడుపు నిండిన నక్క పిట్టగూళ్ల జోలికి పెద్దగా పోదు. మరుసటేడు లెమ్మింగ్‌లు లేవు. గుడ్లగూబ గుడ్లే పెట్టదు, ఎటో వెళ్లిపోతుంది. నక్కలేమో నిరుడు పుట్టినవన్నీ ఉన్నాయి, ఆకలితో ఉన్నాయి. అప్పుడు వాటి కంట పడేది ఎవరు? నేల మీద చిన్న గుంటలో నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చున్న మన స్టింటు. ఆ నాలుగు గుడ్ల బరువూ కలిపితే దాదాపు దాని ఒంటి బరువంత. అయినా చాలాసార్లు రెండు విడతలు పెడుతుంది, ఒకటి మగదానికి అప్పగించి ఇంకోటి తను పొదుగుతుంది. నక్క వచ్చిందంటే రెండూ పోతాయి.

ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాలో లాంగెబాన్ అని ఒక ఉప్పునీటి మడుగు ఉంది, మన పులికాట్‌కి చుట్టం అనుకోండి. అక్కడ దిగే కర్లూ శాండ్‌పైపర్లలో పిల్లపిట్టలెన్ని, పెద్దవెన్ని అని ఏళ్ల తరబడి లెక్కేశారు. ఆ లెక్క సైబీరియా ఎలుకల లెక్కతో కలిసింది. ఎలుక చచ్చిన ఏడు ఆఫ్రికాలో పిల్లపిట్ట లేదు.

నాకు ఈ సంగతి ముందు చెప్పింది పుస్తకం కాదు. రిటైరయ్యాక ఒకరోజు శ్రీహరికోట రోడ్డు పక్కన బైనాక్యులర్స్ పెట్టుకుని నిలబడ్డాను. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన, "ఏంది సారూ చూస్తన్నావు, ఈ ఏడు కొత్తపిట్టల్లేవు, అన్నీ పాతవే" అన్నాడు. నీకెలా తెలుసయ్యా అన్నాను. "కొత్తవి మనిషిని చూసి బెదరవు సార్. కాళ్ల కాడికొస్తాయి. మనమెవరో వాటికింకా తెలీదు గదా" అన్నాడు.

ఆయన మాట నేను లెక్కగా చెప్పడం లేదు. కానీ నిజంగానే ఆ పిల్లలు మనిషి మొహం ఎరగవు. తల్లిదండ్రులు ముందే బయలుదేరి వచ్చేస్తాయి. పిల్లలు వారాల తర్వాత, దారి చూపేవాళ్లు లేకుండా, వాటంతట అవే వస్తాయి. మన పిల్లల్ని తిరుపతి పంపాలంటే పది ఫోన్లు చేస్తాం.

మీలో ఎంతమంది ఉల్లంకులు తిన్నారు? చెయ్యెత్తండి. ఒక్కరూ ఎత్తరని తెలుసు. ఇదిగో, నేను ఎత్తుతున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు, చిన్నప్పుడు, మా నాన్న సంత నుంచి తాడుకి గుచ్చిన డజను పిట్టలు తెచ్చేవాడు. ఒక్కో పిట్టకి రెండు ముక్కల మాంసం రాదు. నక్కల్ని తప్పించుకుని, అంత దూరం ఒంటరిగా వచ్చి, మా అమ్మ మూకుట్లో పడ్డాయి. చట్టం ఇప్పుడుంది. వలలూ ఇప్పుడున్నాయి. ఎక్కడో మీకు తెలుసు, నాకూ తెలుసు.

చీటీ వచ్చింది, ముగించమని. రెండు నిమిషాలు.

1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా భూమికంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. చలికాలంలో మంచు పడాల్సిన చోట వాన పడుతోంది. ఆ వాన మంచు మీద పడి గడ్డకడితే అడుగున గడ్డి గాజుపలక కింద పెట్టినట్టే, లెమ్మింగ్ పళ్లు దిగవు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్ దగ్గర 2000 తర్వాత లెమ్మింగ్‌ల పొంగు ఆగిపోయింది, దాంతో మంచు గుడ్లగూబలు గుడ్లు పెట్టడం బాగా పడిపోయింది. తైమీర్‌లోనే రెడ్ నాట్ అని ఇంకో పిట్ట ఉంది. అక్కడ మంచు ఏటా సుమారు సగం రోజు చొప్పున ముందే కరుగుతోంది. పురుగులు ముందే వచ్చి పోతున్నాయి, పిల్లలు గుడ్డులోంచి వచ్చేసరికి విందు అయిపోతోంది. తిండి చాలక చిన్నగా పెరుగుతున్నాయి, ముక్కు పొట్టిదవుతోంది. అవి చలికాలానికి ఆఫ్రికాలో మౌరిటానియా తీరానికి పోతాయి. అక్కడ ఇసుకలో లోతుగా ఉన్న ఆల్చిప్పలు ఆ పొట్టిముక్కుకి అందవు. ఆకలి సైబీరియాలో మొదలై ఆఫ్రికాలో చంపుతోంది.

మళ్లీ చీటీ. సరే, ఆపేస్తున్నా.

ఆదివారం పొద్దున ఆరింటికి అటకానితిప్పకి ఇవతల, రోడ్డు పక్క బురద దగ్గర ఉంటాను. పిల్లపిట్టలు దిగే రోజులివే. బైనాక్యులర్స్ ఒక్కటే ఉంది, వంతులేసుకుని చూడాలి. సెల్‌ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని రండి. రాజహంసలు కనిపిస్తాయని మాత్రం మాట ఇవ్వలేను.