సిస్టమ్ కర్ర ఇచ్చిందంట!

తమ్ముడు: హలో, హలో... ఆ, ఎర్ర లైటు వెలుగుతోంది. ఇది రెండోసారండీ. ఇందాక నలభై నిమిషాలు మాట్లాడినాక చూసుకుంటే మైకు ఆన్‌లోనే లేదు.

అక్క: నువ్వు ఆన్ చెయ్యలేదు అను. పాపం మైకు మీదికి తొయ్యొద్దు.

తమ్ముడు: సరే, నేనే. మా పెద్దమ్మ కూతురు ఈమె. తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో కూర్చుని బ్రెజిల్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేస్తుంది. మనకు సాయంత్రం ఆరున్నరైతే సావో పాలోలో పొద్దున పది.

అక్క: మీరు టిఫిన్ సంగతి ఆలోచించే టైముకు నాకు కంప్లైంట్లు మొదలు. వాళ్లది పోర్చుగీసు భాష. చేరిన వారంలోనే ఒకాయన చాట్‌లో 'దెవ్ పావ్' అని పెట్టాడు. మాటకు మాట వెతికితే 'కర్ర ఇచ్చింది' అని వచ్చింది. సిస్టమ్ కర్ర ఇవ్వడమేంది, ఎవరికి ఇచ్చింది అని టెన్షన్‌తో అరగంట బుర్ర గోక్కున్నా. తీరా చూస్తే, మొరాయించింది అని చెప్పడమంట.

తమ్ముడు: మనమూ ఎద్దు మాటేగా వాడేది, సర్వర్ మొరాయించింది అని!

అక్క: అందుకే నవ్వడం మానేశా. ఇంకోటి, 'త్రవో'. బ్రెజిల్‌లో అంటే కంప్యూటర్ బిగుసుకుపోయిందని. పోర్చుగల్‌లో అదే మాట బండికి బ్రేకు వేశాడని, కంప్యూటర్‌కైతే వాళ్లు 'బ్లొకియో' అంటారు. భాష ఒకటే కదా అనుకుంటే దొరికిపోతాం.

తమ్ముడు: ఇంగ్లీషు సులభమా మరి?

అక్క: ఏం సులభం! మనం అన్నిటికీ 'హ్యాంగ్ అయింది' అనేస్తాం. ఫ్రీజ్ అంటే బొమ్మ తెర మీదే ఉంటుంది, ఏం నొక్కినా పలకదు. క్రాష్ అంటే ప్రోగ్రామే మూసుకుపోతుంది. రెండింటికీ వైద్యం వేరే. అందుకే నేను ఏమైంది అని అడగను, తెర మీద ఇప్పుడేం కనబడుతోంది అని అడుగుతా. అప్పుడు ఏ భాషవాడైనా దారికొస్తాడు.

తమ్ముడు: 2024 జూలై 19న అందరికీ ఒకటే కనబడింది కదక్కా, నీలం తెర.

అక్క: ఆ రోజు మర్చిపోలేను. ఒక సెక్యూరిటీ అప్‌డేట్‌లో తప్పు దొర్లి దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడుకున్నాయి. బ్రెజిల్ పేపర్లు దాన్ని 'అపగావ్' అన్నాయి, అంటే ఊళ్లకు ఊళ్లే చీకటైపోవడం. 2001లో అక్కడ కరెంటు కొరత వచ్చినప్పుడు జనం నోళ్లలో నానిన మాట అది.

తమ్ముడు: మనకు బొత్తిగా తెలియని భాష, ఎట్ల నేర్చుకున్నావు?

అక్క: బొత్తిగా తెలియనిదేం కాదురా, మేస్త్రీ, అల్మారా, తువాలు పోర్చుగీసు నుంచి వచ్చినవే. ఒక్కోసారి ఇంగ్లీషు కంటే అదే మనకు దగ్గర. బ్యాటరీ 'చచ్చింది' అంటాడు ఇంగ్లీషువాడు. వీళ్లు 'అకబో' అంటారు, అయిపోయింది అని, అచ్చం మనలాగే... ఏందిరా ఆ కీ కీ శబ్దం?

తమ్ముడు: ఇన్వర్టర్. ఫ్యాన్ కూడా నెమ్మదించింది.

అక్క: 'అకబో ఆ లూస్'.

తమ్ముడు: అంటే?

అక్క: కరెంటు పోయింది. ముందు ఆ రికార్డింగ్ సేవ్ చెయ్ రా సామీ!